చెమట పట్టని కుండ

అనగనగా ఒక ఊళ్ళో ఒక కుమ్మరి ఇల్లు ఉండేది. ఊరి పేరు కందిమడుగు. ఆ ఇంట్లో తిరుపాలు అని మామగారు, సుంకులమ్మ అని అత్తగారు, ఓబులేసు అని వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. ఆ కొడుక్కి నాంచారి అనే పిల్లని చేసుకున్నారు. ఇది ఆ నాంచారి కథ.

రాజు లేడా అని అప్పుడే అడక్కు హైమా. ఉన్నాడు. కాళ్ళకి చెప్పుల్లేకుండా నడిచి వస్తున్నాడు, కొంచెం ఆలస్యమవుతుంది. దెయ్యమా? దెయ్యం లేదు తులసీ. ప్రతి కథలోనూ దెయ్యం దేనికి? ఉన్నదున్నట్టు చెబుతాను, ఊ కొడుతూ వినండి.

నాంచారి పుట్టిల్లూ కుమ్మరిల్లే గానీ, వాళ్ళు ఇంటి పెంకులు చేసేవాళ్ళు. కుండ పని ఆమెకి రాదు. కందిమడుగులో ఎలా చేస్తారంటే, మగవాళ్ళు సారె, అదే కుమ్మరి చక్రం, తిప్పుతారు. సారె మీంచి దిగిన పచ్చికుండకి అడుగు ఉండదు, గోడ మందంగా ఉంటుంది. దాన్ని ఆడవాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తట్టాలి. టపటపా తట్టాలి, తిప్పాలి, తట్టాలి, తిప్పాలి. అలా తడితే అడుగు మూసుకుంటుంది, పొట్ట పెరుగుతుంది, గోడ పల్చనవుతుంది.

నాంచారి మొదటి కుండ తట్టింది. తట్టిన చోటే తట్టింది, మళ్ళీ తట్టింది. చివరికి చూస్తే ఒక పక్క పొట్ట, ఇంకో పక్క పల్లం. మూతి అలిగినట్టు ఓ పక్కకి తిరిగిపోయింది. సరిగ్గా అప్పుడే నిప్పు కోసం పక్కింటి బంగారక్క వచ్చింది. ఆవిడ నోరు ఎలాంటిదో ఊరందరికీ తెలుసు.

"ఏమే నాంచారీ, మీ కుండకి పంటినొప్పా? బుగ్గ వాచిందే!" అంది.

వాకిట్లో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు, చూశారా! కట్టుకున్న పెళ్ళాం తల దించుకుని కూర్చుంటే నవ్వొచ్చునా? తప్పు. నాంచారికి ఆ కుండని అక్కడే కాలితో తొక్కేద్దామనిపించింది. సుంకులమ్మ మాత్రం దాన్ని అందుకుని, మిగతా కుండలతోపాటు ఆవంలో పెట్టి కాల్చింది. కోళ్ళకి నీళ్ళు పెట్టుకోవడానికి పనికొస్తుందిలే అని పెరట్లోకి తీసుకుపోయింది. ఆ తరవాత నాంచారి ఆ కుండ వంక చూస్తే ఒట్టు. ఎక్కడుందని కూడా అడగలేదు.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

కొన్నాళ్ళకి ఒక రోజు నాంచారి వడ్లు పోసుకునే బాన ఒకటి అలుకుతూ, ఊరికే సున్నంలో వేలు ముంచి దాని మీద ఒక చుక్క పెట్టింది. చుక్క బాగుందని చుక్క చుట్టూ గీత పెట్టింది. గీత బాగుందని గీత మీద తీగ పెట్టింది. తీగ బాగుందని తీగకి ఆకులు పెట్టింది. ఆకులు ఉన్నాక పువ్వు లేకపోతే ఎలా అని పువ్వు పెట్టింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. అమ్మో, ఈ పిల్ల చేతిలో ఏముందే అని నోళ్ళు తెరిచారు. నవ్విన బంగారక్కే ముందుగా నోరు తెరిచింది. ఆ తెరిచిన నోరు చూసి నాంచారి కడుపు నిండిపోయింది.

ఇంక చూస్కోండి. మూకుళ్ళకి చుక్కలు, చట్టికి చుక్కలు, పిడతకి చుక్కలు. ఆఖరికి పొయ్యికి కూడా చుక్కలు. పొయ్యికి దేనికమ్మా చుక్కలు, ఒక్క పూట మంట పెడితే మసి! నవ్వకు హైమా. నువ్వు నీ లెక్కల పుస్తకంలో పేజీ చుట్టూ పూలూ సీతాకోకచిలకలూ వేసి, లెక్క చెయ్యడానికి జాగా లేదని టీచరుగారికి చెప్పలేదూ? ఆవిడ నాకు చెప్పింది. సరే, విను.

ఇప్పుడు రాజుగారి సంగతి. ఆయన పేరు ఎర్రమరాజు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఎండలు ముదిరాక ఒక ఆదివారం నాడు రాజు వాన కోసం మొక్కుకుని, కోట నించి కొండమ్మ గుడి దాకా చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళి, మళ్ళీ నడిచి రావాలి. దారిలో నీళ్ళు ముట్టకూడదు. మాట మాట్లాడకూడదు. తిరిగొచ్చేటప్పుడు కందిమడుగు పొలిమేర రాయి దగ్గర తిరుపాలు ఇంటి కుండ ఒకటి నీళ్ళతో ఉంటుంది. రాజు దాన్ని తన రెండు చేతులతో ఎత్తి తాగాలి. నాలుక మీద చల్లదనం తగిలాకే ఆయన నోరు విప్పాలి. విప్పి "చల్లగా ఉంది" అంటే, వాగు ఒడ్డున బంకమట్టి తవ్వుకునే హక్కు ఇంకో ఏడాది ఆ ఇంటికే. అనకపోతే ఆ మట్టి పొరుగూరి కుమ్మర్లకి పోతుంది. మట్టి పోతే కుమ్మరికి ఏముంది? సారె ఆగిపోతుంది, ఆవం ఆరిపోతుంది, ఇంటిల్లిపాదీ కూలికి పోవాలి. ఏడు తరాలుగా ఆ ఇంటి కుండ ఒక్కసారీ తప్పలేదు.

ఆ ఏడాది తిరుపాలుకి మోకాలు వాచి మంచం దిగలేదు. కుండ మాత్రం వాపు రాకముందే చేసి పెట్టాడు. నున్నగా, గుండ్రంగా, వేలితో కొడితే ఖంగుమనే కుండ. నాంచారి దాన్ని చూసింది. రాజుగారు పట్టుకునే కుండ ఇలా బోసిగా ఉంటే ఏం బాగుంటుంది అనుకుంది. జేగురుమట్టితో ఎర్ర తీగలు, సున్నంతో తెల్ల నెమళ్ళు వేసింది. బ్రహ్మాండంగా ఉంది. నీళ్ళు పోసి చూసింది. తెల్లారేసరికి ఏమైంది? కుండకి చెమట పట్టింది. చెమటకి జేగురు కారింది, సున్నం కరిగింది, నెమళ్ళన్నీ మోకాళ్ళ దాకా బురదలో నిలబడ్డట్టు అయిపోయాయి.

నాంచారి నెత్తి కొట్టుకుంది. ఈ చెమట ఒకటి నా ప్రాణానికి అనుకుంది. చెమట ఆగితే రంగు ఆగుతుంది, చెమట ఆగడానికి ఏం చెయ్యాలి అని ఆలోచించింది. లక్క బొమ్మలు చేసేవాళ్ళ వీధికి వెళ్ళి ఎర్ర లక్క, పచ్చ లక్క తెచ్చింది. కుండని నిప్పుల మీద వేడి చేసి, మూతి నించి అడుగు దాకా లక్క రుద్దింది. మెరుపు చాల్లేదని ఆముదం కలిపి ఇంకో పూత పూసింది. పూత పచ్చిగా ఉండగానే గురివింద గింజలు అద్దింది. గింజల మధ్య అద్దం ముక్కలు అద్దింది. అద్దం ముక్కల చుట్టూ గవ్వలు అద్దింది. మూత మీద మట్టితో చిలకని చేసి కూర్చోబెట్టింది, చిలక ముక్కులో జొన్న కంకి పెట్టింది. ఊరంతా వచ్చి చూసి వెళ్తూ, బాగుంది గానీ ఇంకొంచెం ఉంటేనా అనేవాళ్ళు. ఆమె ఇంకొంచెం పెట్టేది. ఇంకొంచెం, ఇంకొంచెం. కుండ ఎక్కడుందో వెతుక్కోవాలి!

నీళ్ళు పోసి రెండు రోజులు ఉంచింది. ఒక్క చుక్క చెమట పట్టలేదు. ఒక్క గీత చెదరలేదు. నాంచారి సంతోషం అంతా ఇంతా కాదు.

సుంకులమ్మ వచ్చింది. కుండ చుట్టూ తిరిగింది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, "చెమట పట్టనీయాలమ్మా నాంచారీ, కుండన్నాక చెమట పట్టాలి" అంది.

నాంచారి ఏదో అనేలోపే బంగారక్క అందుకుంది. "చూశారా అత్తగారి కుళ్ళు! కోడలికి పేరొస్తుంటే ఈవిడకి చెమటలు పడుతున్నాయి!"

అందరూ నవ్వారు. ఈసారి నాంచారి కూడా నవ్వింది. అత్తగారి మొహం చిన్నబోయింది. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పెద్దవాళ్ళు ఒక మాట అంటే, అది ఎందుకన్నారో అడగాలి. నచ్చకపోతే తరవాత మానుకో, ముందు అడుగు. ఆ పిల్ల అడగలేదు.

ఆదివారం వచ్చింది. నిప్పులు చెరిగే ఎండ. పొలిమేర రాయి మీద కుండ పెట్టారు. ఎండలో అద్దం ముక్కలు ధగధగా మెరుస్తుంటే చూసేవాళ్ళ కళ్ళు చెదిరాయి. తిరుపాలుని మంచంతో సహా మోసుకొచ్చి ఓ వారగా కూర్చోబెట్టారు. నాంచారి కొత్త చీర కట్టుకుని కుండ పక్కనే నిలబడింది. సుంకులమ్మ అందరికంటే వెనక, తాను దారిలో తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ మూటేదో చంకన పెట్టుకుని నిలబడింది.

ఇదిగో, ఇప్పుడొచ్చాడు రాజు. కిరీటం లేదు హైమా, గుర్రం లేదు, గొడుగు లేదు. తలకి తడిగుడ్డ, అదీ ఆరిపోయింది. పెదాలు పగిలి ఉన్నాయి. అరికాళ్ళు బొబ్బలెక్కి, పాపం, కుంటుతున్నాడు. వెనక సైన్యానికి పెద్ద అయిన దళవాయి గంగప్ప, ఆయన వెనక నలుగురు భటులు. రాజు కుండని చూసి ఆగిపోయాడు. కళ్ళు పెద్దవి చేశాడు. ఊరంతా నోళ్ళు తెరిచి చూస్తోంది.

రాజు చిలక మూత తీశాడు. రెండు చేతులతో కుండ ఎత్తాడు. మూతికి ఆనించాడు. గటగటా రెండు గుక్కలు మింగాడు.

మూడో గుక్క మింగలేదు.

ఆయన కళ్ళు బయటికొచ్చాయి. కుండ దింపాడు. దింపితే చేతులు రావు! ఎండకి ఆముదం లక్క మెత్తబడి అరచేతులకి అంటుకుపోయింది. గుంజాడు. గుంజితే చర్రున ఊడి వచ్చాయి. వచ్చిన చేతులు ఎర్రగా ఉన్నాయి. మూతి ఎర్రగా ఉంది. గడ్డం మీంచి ఎర్రగా కారుతోంది.

"రక్తం!" అని ఎవరో కేక వేశారు.

తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి. ఒక్కరు కదల్లేదు, ఒక్కరు మెదల్లేదు. ఆడవాళ్ళు చేతులు గుండెల మీద పెట్టుకుని కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. నాంచారికి కాళ్ళ కింద భూమి లేనట్టుంది. ఆ ఎర్రటి గడ్డం వంక చూస్తూ, ఇదేంటి, ఇదేంటి అని లోపల అనుకుంటోంది.

మరి రాజు చెప్పొచ్చు కదా, ఇది రక్తం కాదర్రా అని? చెప్పకూడదు కదా! నాలుక మీద చల్లదనం తగలందే మాట్లాడకూడదు. కుండలో నీళ్ళు చల్లగా ఉన్నాయా? పొయ్యి మీద కాచిన చారులా ఉన్నాయి. ఆచారం తప్పని మనిషి ఆయన. అందుకని సైగలు మొదలుపెట్టాడు.

కుండ వైపు వేలు చూపించాడు. కుండ పగలగొట్టమంటున్నారు అన్నాడొకడు. నోటి వైపు చూపించాడు. నాలుక కొయ్యమంటున్నారు అన్నాడు ఇంకొకడు. రాజు వద్దు వద్దని చెయ్యి ఊపాడు. డప్పులు మోగించమంటున్నారని డప్పులవాళ్ళు మోగించారు. రాజు తల పట్టుకున్నాడు. పట్టుకుంటే తలకీ ఎరుపు అంటింది. దాంతో జనం మరింత బెదిరిపోయారు.

దళవాయి కత్తి దూశాడు. "విషం పెట్టారు! ఎవడ్రా ఈ కుండ చేసింది?"

మంచం మీంచి ముసలి తిరుపాలు చెయ్యెత్తాడు. "నేనే బాబయ్యా" అన్నాడు. భటులు వెళ్ళి ఆయన రెక్కలు పట్టుకున్నారు. వాచిన మోకాలు నేలకి తగిలి ఆయన అమ్మా అని అరిచాడు. ఓబులేసు అడ్డం పడితే వాణ్ణి పక్కకి నెట్టారు.

ఊ కొట్టండి. భయంగా ఉందా తులసీ? ఉండాలి. ఆ పిల్లకీ అలాగే ఉంది. అయినా ఏం చేసిందో చూడు.

మామగారి అరుపు చెవిన పడగానే నాంచారికి కాళ్ళు వచ్చాయి. ఉరికి వెళ్ళి కత్తికి ఎదురుగా నిలబడింది. విషం కాదు దొరా, లక్క అంది. మామ చేసిన కుండలో తప్పు లేదు, పైన పూసిందంతా నేనే అంది. నమ్మరా, అయితే చూడండి అని కుండ ఎత్తి తాను నోట్లో పోసుకుంది.

అప్పుడు తెలిసింది ఆమెకి. నాలుక కాలింది. నోరంతా ఆముదం వాసన. అన్ని రోజులు ఆ కుండ ముందు కూర్చుని, ఒక్కసారైనా అందులో నీళ్ళు తాగి చూడలేదే! చెమట పట్టాలమ్మా అన్న మాట ఇప్పుడు చెంప మీద కొట్టినట్టు తగిలింది. కుండకి చెమట పడితేనే నీళ్ళు చల్లబడతాయి. ఆ చెమటనే ఆపేసింది తను. కుమ్మరి ఇంట పుట్టి, కుమ్మరి ఇంట మెట్టి, కుండ ఏం పని చేస్తుందో మరిచిపోయింది.

దళవాయి కత్తి దించాడు గానీ కోపం దించలేదు. విషం కాకపోతే రాజుగారు మాట్లాడరేం అన్నాడు. అంతలో రాజు ఆ రాయి పక్కనే నేల మీద కూలబడ్డాడు. చల్లని నీళ్ళు, చల్లని నీళ్ళు అని జనం గోల. ఎక్కడ తెస్తారు? ఈ ఇంటి కుండలో నీళ్ళే అయ్యుండాలి. ఇల్లేమో అరకోసు దూరం.

నాంచారి వెనక్కి తిరిగింది. జనం వెనక అత్తగారు కనపడింది. చంకలో తడిగుడ్డ చుట్టిన మూట, దాని అడుగు నించి టప్ టప్ మని చుక్కలు.

"అత్తా, అది ఏంటి?"

"నా నీళ్ళే" అంది సుంకులమ్మ. "ఇస్తును గానీ, కుండ చూడ్డానికి ఏం బాగుండదే. రాజుగారి ముందు..."

"చూడ్డానికి దేనికత్తా! ఇయ్యి!"

ఈ మాట అన్నది ఎవరు? పొయ్యికి చుక్కలు పెట్టిన నాంచారి!

సుంకులమ్మ గుడ్డ విప్పింది. విప్పేసరికి నాంచారి నిర్ఘాంతపోయింది. ఒక పక్క పొట్ట, ఇంకో పక్క పల్లం. ఓ పక్కకి తిరిగిన మూతి. బుగ్గ వాచిన కుండ! తను తట్టిన మొదటి కుండ. కోళ్ళకి నీళ్ళు పెట్టారనుకున్న కుండ. ఒంటి నిండా చెమట పట్టి, ముట్టుకుంటే వేళ్ళు జిల్లుమంటున్నాయి.

ఆలోచించడానికి వ్యవధి లేదు. తీసుకెళ్ళి రాజు రెండు చేతులకీ అందించింది. ఆయన ఒక గుక్క తాగాడు, కళ్ళు మూసుకున్నాడు. ఇంకో గుక్క తాగాడు. కుండ ఖాళీ అయ్యేదాకా దించలేదు. మూతి ఓ పక్కకి తిరిగి ఉండడంతో ఒక్క చుక్కైనా గడ్డం మీద ఒలకలేదు. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"చల్లగా ఉంది" అన్నాడు రాజు.

అమ్మయ్య! భటులు తిరుపాలుని వదిలేశారు. ఓబులేసు తండ్రిని ఎత్తి మంచం మీద కూర్చోబెట్టి, అక్కడే కూర్చుని ఏడ్చేశాడు.

ఇది ఎవరి చేతి కుండ అని రాజు అడిగాడు. నా కోడలిది అంది సుంకులమ్మ. బంగారక్క నోరు మళ్ళీ తెరుచుకుంది, కానీ అందులోంచి ఈసారి ఏమీ రాలేదు. సుంకులమ్మే చెప్పింది. పిల్లకి చెయ్యి కుదరక తట్టిన చోటే తట్టింది, గోడ పల్చబడింది. నున్నగా రుద్దడం చేతకాలేదు, మట్టికి ఊపిరాడింది. రోజంతా చెమట పడుతూనే ఉంటుంది, మూడు నెలలుగా నేను దీంట్లో నీళ్ళే తాగుతున్నాను అంది.

"నాకు చెప్పలేదేం అత్తా?" అంది నాంచారి.

"దాని పేరెత్తితే నువ్వు మొహం తిప్పుకునేదానివి. ఎలా చెప్పనే?"

నాంచారి అక్కడే, అందరి ఎదుటా, అత్తగారి కాళ్ళు పట్టుకుంది. ఆ రోజు నవ్వినందుకు క్షమించత్తా అంది.

రాజు తన ఎర్రచేతులు చూసుకుని ఫక్కున నవ్వాడు. మట్టి మీకే అన్నాడు. అలా ఆ హక్కు ఆ ఇంట్లో ఎనిమిదో తరానికి వచ్చింది. మెరిసే కుండని రాణిగారు గాజులు దాచుకోవడానికి తీసుకుపోయాడు, దానికి చెమట పట్టకపోతే మంచిదే. ఆ రంగు వదలడానికి మాత్రం పాపం నాలుగు రోజులు నువ్వులనూనెతో రుద్దుకున్నాడట.

ఆ తరవాత నాంచారి రంగులు మానేసిందా? మానలేదు. వడ్ల బానకి, పప్పు బానకి చేతినిండా తీగలు వేసేది. నీళ్ళ కుండకి మాత్రం మెడ చుట్టూ ఒక్క తెల్ల గీత. అంతే. ఇంకొంచెం వెయ్యవే అని ఎవరడిగినా, ముందు నీళ్ళు తాగి చెప్పండి అనేది. కుండలు అమ్ముకుంటూ, అత్తా కోడళ్ళు ఒకరినొకరు అడిగి చేసుకుంటూ చల్లగా బతికారు. తిరుపాలు మోకాలు తగ్గింది. బంగారక్క ఏం చేసిందంటారా? ఎవరూ చూడకుండా వచ్చి, "నాక్కూడా బుగ్గ వాచిన కుండ ఒకటి చేసిపెట్టవే తల్లీ" అని అడిగింది.

కాబట్టి పిల్లలూ, ఏ వస్తువైనా చేతికి తీసుకుంటే, ఇది ఏ పని కోసం పుట్టింది అని ముందు అడగండి. ఆ పనికి అడ్డం రాని అందం ఎంతైనా పెట్టండి, ఎవరూ వద్దనరు. అడ్డమొస్తే మాత్రం ఎంత మెరిసినా తీసెయ్యండి. హైమా, రేపు లెక్కల పుస్తకానికి కొత్త పేజీ.

ఏంటి తులసీ? ఇంత చెప్పినా ఒక్క దెయ్యాన్నైనా పెట్టమంటావా? పెట్టనే పెట్టను. నీకు నిద్ర రావాలనే కదా ఈ కథ చెప్పింది! దెయ్యం వస్తే ఆ నిద్ర కాస్తా పారిపోతుంది.

కథ కంచి దారి పట్టింది. మనం తలో గ్లాసు కుండనీళ్ళు తాగి దుప్పట్లోకి.